ముందు నబ్జ్, తర్వాత నుస్ఖా

హకీం సాబ్ దగ్గరికి వెళ్లి కూర్చోగానే ఆయన మన మొహం కూడా చూడకుండా మందు పొట్లం చేతిలో పెడితే ఏమనుకుంటాం? "నబ్జ్ కూడా పట్టుకోలేదు, ఈయనేం హకీం" అని లేచి వచ్చేస్తాం. చార్మినార్ పక్కనున్న యునానీ దవాఖానాకు తాతల కాలం నుంచి వెళ్తున్న ఇళ్లు మనవి. తష్ఖీస్ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. జబ్బేమిటో ముందు తేలాలి, నుస్ఖా ఆ తర్వాతే రాయాలి. ఆ తేల్చడమే పెద్ద ఇల్మ్ అని మనకు తెలుసు. దానికి ఫీజు ఇవ్వడం మనకు కష్టం అనిపించదు.

మరి అదే మనం కారు తీసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్తే ఏం చేస్తాం? బోనెట్ ఎత్తకముందే "ఏ పుర్జా పోయింది భాయ్? ఎంతవుతుంది?" అంటాం. వాడు "చూడాలి సాబ్" అంటే మనకు నచ్చదు. "ఆల్టర్నేటర్ పోయింది, పన్నెండు వేలు" అని ఠక్కున చెప్పేవాడు మనకు తెలివైనవాడిలా కనబడతాడు. చూసినందుకు ఉజ్రత్ అడిగితే మాత్రం దోపిడీ అంటాం.

ఈ అలవాటు వల్ల మన శహర్‌లో ఒక మంచి హునర్ చచ్చిపోతోంది. కారులో కరెంటు జబ్బులు, అందులోనూ పాత స్పోర్ట్స్ కార్లలో వచ్చే కరెంటు జబ్బులు, పుర్జాలు మార్చినంత మాత్రాన నయం కావు. వెతికితేనే నయమవుతాయి. వెతికే చేతికి మజ్దూరీ ఇవ్వకపోతే ఆ చేయి వెతకడం మానేస్తుంది.

"మన ఇళ్లలో స్పోర్ట్స్ కార్లెక్కడివి?" అని మీరు అడగొచ్చు. సహీ సవాల్. ఆ కార్ల మాలిక్‌లు మన గల్లీల్లో తక్కువే. కానీ ఆ కార్ల బోనెట్ల కింద తలపెట్టి పనిచేసే పిల్లలు మనవాళ్లు. కాచిగూడ స్టేషన్ రోడ్డు మొదలుకొని నింబోలిఅడ్డ, చాదర్‌ఘాట్, నాంపల్లి దాకా ఏ ఆటో ఎలక్ట్రీషియన్ దుకాణంలో చూసినా నల్లబడిన చేతులతో ఒక ఉస్తాద్, ఆయన పక్కన టార్చి పట్టుకుని ఒక షాగిర్ద్ ఉంటారు. పదో తరగతి పాస్ కాలేదనో, అబ్బా ఇంతెకాల్ అయ్యారనో, ఇల్లు గడవడం లేదనో ఈ పనిలో చేరిన పిల్లలు వీళ్లు. కాబట్టి ఇది షౌకీన్ల ముచ్చటగా కొట్టిపారేసే విషయం కాదు. మన పిల్లల రోజీకి సంబంధించినది.

కార్ల షౌక్ మన హైదరాబాద్‌కు కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారుకు ఆర్డర్ ఇచ్చారు. అది చేతికి రాకముందే, 1911 ఆగస్టులో, ఆయన కన్నుమూశారు. బార్కర్ కంపెనీ బాడీ కట్టిన ఆ పసుపుపచ్చ కారు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో దర్బారు ఊరేగింపులకు వాడారు. ఆ కాలం కార్లలో వైర్లు ఎన్నని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్పార్కు కోసం మాగ్నెటో ఉండేది. బండిని హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవాళ్లు. మనం 'సెల్ఫ్' అని పిలిచే ఎలక్ట్రిక్ స్టార్టర్ అమెరికాలో క్యాడిలాక్ కార్లలో 1912లోనే వచ్చింది.

తర్వాత కథ మారింది. లైటు, హారను, వైపరు, అద్దాల మోటార్లు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. ప్రతి దానికీ వేరే వేరే వైర్లు లాగితే కారు బరువెక్కుతుంది. అందుకని జర్మనీలోని బాష్ కంపెనీ 1983లో ఒక కొత్త పద్ధతి మీద పని మొదలుపెట్టి 1986లో బయటపెట్టింది. దాని పేరు క్యాన్. కారులో ఉన్న చిన్న చిన్న కంప్యూటర్లన్నీ రెండే వైర్ల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి చేశారు. స్టీరింగ్ కింద కనబడే 16 పిన్నుల సాకెట్ అదే. మన దేశంలో ఓబీడీ-2 నిబంధన 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది.

క్యాన్ ఎలా నడుస్తుందో తెలుసుకుంటే మనవాళ్లకు నవ్వొస్తుంది. అది అచ్చం మన ఇంటి బైఠక్ లాంటిది. అందరూ ఒకే గదిలో కూర్చున్నారు, ఎవరు మాట్లాడినా అందరికీ వినబడుతుంది. ఇద్దరు ఒకేసారి నోరు విప్పితే? ప్రతి సందేశానికీ ఒక నంబరు ఉంటుంది. చిన్న నంబరు ఉన్న సందేశానిదే పెద్దరికం. రెండోవాడు గొడవ పడకుండా ఆగిపోయి, తన వంతు కోసం చూసి మళ్లీ చెబుతాడు. ఇంకో అదబ్ కూడా ఉంది. ఒక కంప్యూటర్ పంపే మాటలు పదే పదే తప్పుగా పోతుంటే, తప్పులు ఒక లెక్క దాటగానే అది తనంతట తానే నోరు మూసుకుంటుంది. మన బైఠక్‌లలో ఈ ఒక్క ఖాయిదా ఉంటే ఎన్ని జగడాలు తప్పేవో.

కానీ బైఠక్ బాగుండాలంటే గది బాగుండాలి. గదిలో దీపం ఆరిపోతే, తలుపు దగ్గర ఎవడో రేడియో పెద్దగా పెడితే, ఎవరి మాటా ఎవరికీ వినబడదు. పాత స్పోర్ట్స్ కారుకు వచ్చే జబ్బు ఇదే. కంప్యూటర్లు బాగానే ఉంటాయి, వాటి మధ్య మాట తెగుతుంది. ఇక 1990ల చివర నుంచి 2000ల మొదటి సగం దాకా వచ్చిన కార్లు మరీ చిక్కు. అవి రెండు జమానాల మధ్య పుట్టాయి. లోపల కంప్యూటర్లు క్యాన్ మీద మాట్లాడుకుంటాయి. బయటి స్కానర్‌తో మాత్రం చాలా యూరప్ కార్లు 'కే-లైన్' అనే పాత ఒంటి వైరు మీద మాట్లాడతాయి. కొత్త స్కానర్ పెట్టి "కారు చచ్చిపోయింది" అనేవాళ్లకు కారు పలికే జబానే వేరని తెలియదు.

స్పోర్ట్స్ కార్లకే ఈ బాధ ఎక్కువ ఎందుకు? ఒకటి, అవి రోజూ తిరిగేవి కావు. ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు మీద ఒక చక్కర్ కొట్టి మళ్లీ గుడ్డ కప్పేస్తారు. నిలబడి ఉన్న బండి బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతుంది. అన్ని కంప్యూటర్లూ నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు తాగితే సర్దుకోవచ్చు. అదే అర ఆంపియర్ తాగుతుంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఐదు రోజుల్లో ఖాళీ. బ్యాటరీ నీరసించిన కారు పిచ్చి పిచ్చి కోడ్‌లు చూపిస్తుంది. ఆ కోడ్‌లు చూసి పుర్జాలు కొన్నవాడు నిండా మునుగుతాడు.

రెండోది వేడి. ఇరుకు బోనెట్‌లో పెద్ద ఇంజిన్, దాని పక్కనే వైర్లు. 1990ల తొలి, మధ్య ఏళ్లలో వచ్చిన కొన్ని మెర్సిడెస్ కార్లలో ఇంజిన్ వైర్ల మీది తొడుగు వేడికి ఎండిపోయి పెంకుల్లా రాలిపోయేది, ప్రపంచమంతా తెలిసిన సంగతే. జర్మనీ చలిలోనే అలా రాలితే మన మే నెల ఎండలో ఏమవుతుందో ఆలోచించండి.

మూడోది నీళ్లు. బట్ట టాపు ఉన్న కార్లలో వాన నీళ్లు బయటికి పోవడానికి సన్నని గొట్టాలుంటాయి. చెట్టు కింద నిలబెడితే ఆకులు పడి అవి పూడుకుపోతాయి. నీళ్లు లోపలికి దిగుతాయి. మొదటి తరం పోర్షే బాక్‌స్టర్‌లో తాళాలు, ఇమ్మొబిలైజర్ చూసే కంప్యూటర్ సీటు కిందే ఉంటుంది. కార్పెట్ తడిస్తే ముందు పోయేది అదే. 2020 అక్టోబరు వానలకు మన శహర్‌లో ఎన్ని కార్లు మునిగాయో మీరు కళ్లారా చూశారు. వాటిని ఎండబెట్టి, కడిగి, సెంటు కొట్టి అమ్మేశారు. పైకి తళతళ మెరిసే కారు, లోపల కప్లర్లలో పచ్చటి చిలుము.

నాలుగోది షౌక్. నలుగురు మాలిక్‌ల చేతులు మారిన కారులో నలుగురి షౌక్‌లూ ఉంటాయి. ఒకడు స్టీరియో పెట్టించాడు, ఒకడు అలారం, ఒకడు నీలం లైట్లు. ప్రతిసారీ ఎవరో బ్లేడుతో వైరు తొడుగు గీసి, ఇంకో వైరు చుట్టి, నల్ల టేపు వేశాడు. ఆ టేపు కింద ఏముందో అల్లాకే తెలుసు.

ఇక నేను దగ్గరుండి చూసిన ఒక కేసు చెబుతాను. మా భాంజా దుకాణం కాచిగూడలోనే. పోయిన ఏడాది వానలు తగ్గాక ఒకాయన తన కారు టోయింగ్ బండి మీద తెచ్చాడు. రెండు సీట్లు, మడత టాపు, ఇరవై ఏళ్లు దాటిన విదేశీ బండి. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. చాదర్‌ఘాట్ బ్రిడ్జి దగ్గర గుంతలో పడితే మీటర్లన్నీ సున్నాకు పడిపోతాయి, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు లైట్లు వెలుగుతాయి. ఇంజిన్ వేడెక్కాక ఆపితే మళ్లీ సెల్ఫ్ తీసుకోదు. అప్పటికే ఇంకో చోట బ్యాటరీ మార్చారు, ఆల్టర్నేటర్ మార్చారు, సెకండ్‌హ్యాండ్ ఏబీఎస్ కంప్యూటర్ ఒకటి తెప్పించి వేశారు. లక్షా నలభై వేలు అయ్యాయి. జబ్బు అలాగే ఉంది. పైగా ఏ స్కానర్ పెట్టినా పలకడం లేదు.

ఆ రాత్రి నేను వెళ్లేసరికి మా వాడు నేల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. "మామూ, గాడీ బాత్ నై కర్రీ" అన్నాడు. బండి మాట్లాడటం లేదట. మొదటి రోజు వాడు పానా పట్టలేదు. మాలిక్‌ను సవాళ్లు అడిగాడు. వేడి మీద వస్తుందా, చల్లగా ఉన్నప్పుడా? వానలో ఎక్కువా? స్టీరియో ఎప్పుడు పెట్టించారు? యాక్సిడెంట్ అయిందా? పెయింటు ఎప్పుడు వేయించారు? మాలిక్ విసుక్కున్నాడు. "నువ్వు పోలీసువా, మెకానిక్‌వా?" అన్నాడు. కానీ జబ్బు సగం ఆ జవాబుల్లోనే దొరికింది.

స్కానర్ పలకడం లేదంటే ముందు సాకెట్‌నే చూడాలి. 16వ పిన్నులో బ్యాటరీ కరెంటు రావాలి. 4, 5 పిన్నులు ఎర్తింగ్. ఆ మూడూ బాగున్నాయి. 7వ పిన్ను కే-లైన్. ఎవరూ మాట్లాడనప్పుడు అది బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా ఉండాలి. ఈ కారులో రెండు వోల్టులు కూడా లేదు. అంటే ఎవరో ఆ వైరును కిందికి లాగి పట్టుకున్నారు. ఎవరు? ఒక్కొక్క కప్లర్ పీకుతూ పోయాడు. స్టీరియో కప్లర్ పీకగానే మీటర్ పన్నెండుకు ఎక్కింది. ఆ కాలం కార్లలో కొన్నిటికి కే-లైన్ వైరు కంపెనీ రేడియో కప్లర్‌లోకి కూడా వస్తుంది. బజారులో కొన్న స్టీరియోలో అదే చోట వేరే కనెక్షన్ ఉంటుంది. రెండూ కలిశాయి, కారు గొంతు మూసుకుపోయింది. ఆ ఒక్క వైరును పక్కకు తీసి ఇన్సులేషన్ చేయగానే స్కానర్ పలికింది.

స్కానర్ పలికాక ఏం చెప్పింది? ఏబీఎస్ అన్నది, "ఇంజిన్ కంప్యూటర్ జవాబివ్వడం లేదు". మీటర్ల కంప్యూటర్ అదే అన్నది, ఎయిర్‌బ్యాగు కూడా అదే. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ముగ్గురూ ఇంజిన్ కంప్యూటర్ పేరు చెప్పారు కాబట్టి దాన్నే మార్చేయాలంటారు. పాత కార్ల ఇంజిన్ కంప్యూటర్ దొరకడం ఒక కష్టం, దానికి ఆ కారు తాళంతో జత కుదర్చడం ఇంకో కష్టం.

యూ0100 లాంటి కోడ్ స్కానర్‌లో కనబడితే దాని అర్థం 'ఇంజిన్ కంప్యూటర్ పాడైంది' అని కాదు. 'దాని మాట నాకు వినబడలేదు' అని ఇంకో కంప్యూటర్ చెప్పిన గవాహీ అంతే. గవాహీ విని సుబూత్ వెతకాలి. కోడ్‌లో ఉన్నది ముల్జిమ్ పేరు, ముజ్రిమ్ పేరు కాదు. ఈ రెండింటికీ ఉన్న ఫరక్ మన వాళ్లకు విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. షక్ మీద పట్టుకుని సజా వేసేయడం మనుషుల విషయంలో ఎంత జుల్మో మనకు తెలుసు. మరి నోరులేని యంత్రం విషయంలో మనమే ఆ పని చేస్తున్నాం.

రెండో రోజు మా వాడు మీటర్ ఒక కొసను బ్యాటరీ మైనస్ మీద, రెండో కొసను ఇంజిన్ లోహం మీద పెట్టి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. ఆ రెండింటి మధ్య తేడా 0.2 వోల్టు దాటకూడదు. ఇక్కడ 1.1 వోల్టు వచ్చింది. అదే కొసను ఇంజిన్ కంప్యూటర్ ఎర్తింగ్ బోల్టు మీద పెట్టినా తేడా వచ్చింది. బోల్టు విప్పితే కింద పెయింటు ఉంది. ఎప్పుడో డెంటింగ్ చేయించి, బాడీకి రంగు కొట్టించి, రంగు మీదే ఎర్తింగ్ వైరు బిగించేశారు. రంగు కరెంటును పోనివ్వదు. బోల్టు మరల మీది కాస్త లోహంతో ఇన్నాళ్లూ బండి నెట్టుకొచ్చింది. గుంతలో పడినప్పుడల్లా అది కదిలింది, కంప్యూటర్‌కు కాళ్ల కింద నేల పోయింది. ఇక ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే అల్లిక పట్టీ చిలుము పట్టి సగం తెగింది. పెయింటు గీకి, శుభ్రం చేసి, కొత్త పట్టీ వేశాడు. మూడో రోజు బండిని వేడెక్కించి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, గుంతల్లో తిప్పి చూశాడు. జబ్బు పోయింది. సామాను ఖర్చు మూడు వందలు.

"మరి మొదటి మెకానిక్ మీటర్ పెట్టలేదా?" అని మీరు అడగొచ్చు. పెట్టే ఉంటాడు, పన్నెండు వోల్టులు కనబడే ఉంటాయి. మన ఇంటి నల్లా చూడండి. పైపు సగం పూడుకున్నా, నల్లా మూసి ఉన్నంతసేపు ప్రెషర్ బాగానే ఉంటుంది. తిప్పగానే సన్నని ధార వస్తుంది. వైరు కూడా అంతే. లోపల ఇరవై పోగుల్లో ఒక్క పోగు మిగిలినా, పని చేయనప్పుడు మీటర్ నిండా వోల్టులు చూపిస్తుంది. బరువు పడినప్పుడు చూడాలి, సెల్ఫ్ కొడుతూ చూడాలి, లైట్లు వేసి చూడాలి. దీన్నే వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అంటారు. ఇది తెలిసినవాడు కారీగర్. తెలియనివాడి చేతిలో మీటర్ ఆటవస్తువు.

ఇప్పుడు అసలు దుఃఖం వినండి. మూడు రోజుల పనికి మా వాడు ఆరు వేలు అడిగాడు. మాలిక్ నవ్వాడు. "మూడు వందల పట్టీకి ఆరు వేలా? నన్ను చూస్తే బేవకూఫ్‌లా ఉన్నానా?" అన్నాడు. గంటసేపు హుజ్జత్ చేసి పదిహేను వందలు చేతిలో పెట్టి బండి తీసుకుపోయాడు. పనికిరాని పుర్జాలకు లక్షా నలభై వేలు మాట మాట్లాడకుండా ఇచ్చిన మనిషి అతనే. ఎందుకంటే వాటికి డబ్బా ఉంది, బిల్లు ఉంది, చేత్తో పట్టుకుని చూడొచ్చు. వెతుకులాటకు డబ్బా లేదు.

ఆ రాత్రి మా వాడు అన్న మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. "మామూ, ఇంజిన్ కంప్యూటర్ మార్చానని చెప్పి నలభై వేల బిల్లు పెట్టుంటే కళ్లకద్దుకుని ఇచ్చేవాడు. సచ్ చెప్పాను కాబట్టి పదిహేను వందలు." ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు. వాడికి ఏం జవాబు చెప్పాలి? 'సబర్ చెయ్' అని చెప్పడం తేలిక. కానీ నెలాఖరుకు దుకాణం కిరాయి కట్టాల్సింది వాడు. ఇలాంటి మాలిక్‌లు పదిమంది వస్తే పదకొండోవాడికి వాడు అబద్ధం చెబుతాడు. మెకానిక్‌లంతా దగాకోరులని తిట్టుకుంటాం. నిజం చెప్పినవాడికి నష్టం, అబద్ధం చెప్పినవాడికి లాభం వచ్చేలా మజ్దూరీ కట్టింది మాత్రం మనమే.

దీనికి ఎదురు మాట కూడా ఉంది, దాన్ని దాచను. "చెకింగ్ చార్జి అని తీసుకుని ఏమీ చూడకుండా పంపినవాళ్లు ఎంతమంది లేరు?" అంటారు. ఉన్నారు. ఉట్టి మాట మీద డబ్బివ్వమని నేనూ చెప్పను. హకీం నుస్ఖా రాసిస్తాడు కదా, మెకానిక్ కూడా రాసివ్వాలి. ఒక చిట్టీ మీద ఈ లెక్కలుండాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ ఎంత? నిండుగా ఉంటే 12.6 దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంతకు పడింది? పదికి బాగా కిందికి పోతే అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుంటే ఎంత? 13.8 నుంచి 14.5 మధ్య మామూలు. ఎర్తింగ్ మీద డ్రాప్ ఎంత? తుడిచేయకముందు ఏయే కోడ్‌లున్నాయి? జబ్బు ఎక్కడ దొరికింది, దాని ఫోటో. మార్చిన పాత పుర్జా తిరిగి ఇవ్వాలి. వెతకడానికి ఎంత తీసుకుంటాడో, ఎన్ని గంటల తర్వాత మళ్లీ మనల్ని అడగాలో ముందే మాట్లాడుకోవాలి. ఇంత చేశాక ఏ కారణం దొరకకపోయినా ఆ ఉజ్రత్ అతని హక్కు. టెస్టుల్లో ఏమీ రాలేదని ల్యాబ్‌వాడు డబ్బు వాపసు ఇస్తాడా?

ఇక ఈ పనిలో ఉన్న నౌజవాన్లకు రెండు మాటలు. స్కానర్ కొన్నంత మాత్రాన హకీం కారు. అది జబ్బు పేరు చెప్పే యంత్రం కాదు, ఫిర్యాదులు చదివి వినిపించే మున్షీ. ముందు మీటర్ నేర్చుకోండి. కోఠీ గుజరాతీ గల్లీలో మామూలు మీటర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. కంప్యూటర్ వైర్ల మీద పాత బల్బు టెస్టర్ పెట్టకండి, అది లాగే కరెంటుకు సన్నని సర్క్యూట్లు కాలిపోవచ్చు. బల్బు మందపాటి పవర్ వైర్లకే. క్యాన్ వైర్ల మీద షక్ వస్తే బ్యాటరీ విప్పి, రెండు వైర్ల మధ్య ఓమ్స్ చూడండి. రెండు కొసల్లో చెరో 120 ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది కాబట్టి 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక కొస తెగింది. సున్నా దగ్గరైతే రెండు వైర్లూ అంటుకున్నాయి. తలుపులు, అద్దాలు చూసే నెమ్మది క్యాన్‌కు ఈ లెక్క వర్తించదు. ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల దగ్గర వైర్లే లేని పాత కార్లూ ఉంటాయి. అందుకే ఆ కారు వైరింగ్ డయాగ్రం చదవడం రావాలి. డయాగ్రం ఇంగ్లీషులో ఉంటుందని భయపడొద్దు. గీతలకు భాష లేదు. నాలుగు వందల మాటలు నేర్చుకుంటే డయాగ్రంలో దారి తెలుస్తుంది.

అమ్మీలకు, అబ్బాలకు ఒక మాట. పిల్లవాడిని ఉస్తాద్ దగ్గర పెట్టేటప్పుడు "నెలకెంత ఇస్తారు?" అని మాత్రమే అడగకండి. "మీటర్ చేతికిస్తారా? ఎప్పటి నుంచి?" అని అడగండి. అయిదేళ్లు పానాలు అందించి, చాయ్ తెచ్చి, పుర్జాలు మార్చడం మాత్రమే నేర్చుకున్న పిల్లవాడికి ఇక ముందు రోజులు కష్టంగా ఉంటాయి. మల్లేపల్లి ఐటీఐ మన నాంపల్లికి దగ్గరే. ఐటీఐ కోర్సుల్లో ఆటో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ట్రేడ్ ఉంది. ఉస్తాద్ దగ్గర చేయి తిరిగి, కాగితం మీద సర్క్యూట్ కూడా వచ్చిన పిల్లవాడికి దుబాయ్‌లోనైనా, గచ్చిబౌలిలోనైనా పని దొరుకుతుంది.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. రోడ్ల మీద ఆ బండ్లు పెరుగుతున్నాయి. వాటిలో కార్బ్యురేటర్ లేదు, సైలెన్సర్ లేదు. ఉన్నదంతా కరెంటు, కంప్యూటర్ల మధ్య మాట. పన్నెండు వోల్టుల కారులో అందాజాగా చేయి పెడితే ఫ్యూజు పోతుంది. వందల వోల్టుల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారులో అందాజాగా చేయి పెడితే మనిషే పోతాడు. ఇరవై ఏళ్ల పాత స్పోర్ట్స్ కారు ఆ కొత్త బండ్లకు మంచి మక్తబ్. అందులో క్యాన్ ఉంది, ఎర్తింగ్ జబ్బులున్నాయి, నిద్రపోని కంప్యూటర్లున్నాయి, ప్రాణం తీసేంత వోల్టేజీ మాత్రం లేదు. ఇక్కడ సలీఖాగా వెతకడం నేర్చుకున్నవాడు, పెద్ద వోల్టేజీ జాగ్రత్తలు కూడా నేర్చుకుని, అక్కడ బతుకుతాడు.

జగదీశ్ మార్కెట్‌లో ఫోను బోర్డు చూసే కుర్రాడికి చెకింగ్ డబ్బులిస్తాం. ఏసీ మెకానిక్ ఇంటికొస్తే విజిటింగ్ చార్జి ఇస్తాం. మండు ఎండలో తారు రోడ్డు మీద వెల్లకిలా పడుకుని మన కారు కింద దూరిన పిల్లవాడి దగ్గరే మనకు లెక్కలు గుర్తొస్తాయి. వచ్చేసారి మీ కారో, మీ బంధువుల కారో, స్కూటరో మొరాయిస్తే మెకానిక్‌ను ఏ పుర్జా పోయిందని అడగకండి. "వెతకడానికి ఎంత తీసుకుంటావ్ బేటా?" అని అడగండి. రాసివ్వమని చెప్పండి. రాసిచ్చాక, దొరికింది మూడు వందల పట్టీయే అయినా, ఒప్పుకున్న డబ్బు మొత్తం ఇచ్చి రండి.